రాఘవమ్మ కోపానికి తెరుచుకున్న థర్మోస్టాట్

పొదిలిలో ఆ వీధివాళ్ళు పాలు తోడుపెట్టాలంటే గిన్నె పట్టుకుని రాఘవమ్మ దగ్గరికే వస్తారు. కోపమొస్తే ఆవిడ అరచేతులు కాగుతాయి. కూరగాయల బండివాణ్ణి నాలుగు మాటలంటే పాలు గోరువెచ్చనవుతాయి. ఆడపడుచు ఊసెత్తితే పొంగిపోతాయి. గ్యాస్ మిగులుతుందని అందరికీ సంతోషమే.

ఆ పొద్దున మాత్రం ఎవరూ గిన్నె పట్టుకుని రాలేదు.

మొగుడు బుల్లయ్యకి కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి పాత అంబాసిడర్‌లో ఆవిడే ఒంగోలు తీసుకెళ్తుంది. నిన్న దారిలో మిర్చి కల్లాల దగ్గర కారు కాగి ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ఆసుపత్రిలో ఆయన వంతు దాటిపోయింది. ఇంటికొచ్చాక ఊపిరాడక పడుకోలేకపోయాడు. తెల్లారాక, ఇక ఎక్కడికీ రానన్నాడు.

షెడ్డులో మెకానిక్ వీరబాబు బానెట్ ఎత్తి, వేడెక్కగానే తెరుచుకుని నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్‌ని మొన్న తనే పీకేశానని తాపీగా చెప్పాడు. మన ఎండలకి అదెందుకని ఇక్కడ అందరూ పీకేయించుకునేదే. పీకేస్తే ఈ ఇంజనులో నీళ్ళు రేడియేటర్ దాకా పోకుండా లోపలే తిరుగుతాయని ఆ మహానుభావుడికి ఇప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు పీకి పారేసింది నా మొగుడి ప్రాణంరా," అంది రాఘవమ్మ.

వాడు తలొంచుకుని మూడు పాత థర్మోస్టాట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సైజు ఒకటే, ఎంత వేడికి తెరుచుకుంటాయో చెప్పే నంబర్లు అరిగిపోయాయి. నీళ్ళు మరగబోయే ముందు తెరుచుకునేదే కావాలంటూనే, ఏదైనా సర్దుకుంటుందిలే అత్తా అన్నాడు.

ఆవిడ స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, మొదటిది వేసి గుప్పిట పట్టింది. వాడన్న 'సర్దుకుంటుందిలే' చాలు, నీళ్ళు వెచ్చబడగానే అది తెరుచుకుంది. పక్కన పడేసింది. రెండోది వేసి నిన్నటి ఎండని తలుచుకుంది. నీళ్ళు కుతకుతా మరిగినా అది మూసుకునే ఉంది. మళ్ళీ చన్నీళ్ళు పోసి మూడోది వేసింది. పొద్దున బుల్లయ్య అన్నమాట గుర్తొచ్చింది. నేను పోతే కారు అమ్ముకుని సుఖంగా ఉండవే అన్నాడు. సుఖమట! ఎవడికి కావాలి ఆ సుఖం? కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. గ్లాసు అడుగున బుడగలు లేచాయి. మరగబోతుండగా థర్మోస్టాట్ నోరు తెరిచింది.

"ఇదే. బిగించు," అంది.

ఇంటికెళ్ళి మంచం దగ్గర నిలబడింది. రానన్నానుగా అన్నాడు బుల్లయ్య. ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. నెలల తరబడి చల్లబడి ఉన్న ఆ వేళ్ళలోకి వేడి పాకింది. ఆయన లేచి కూర్చుని, నా చెప్పులు ఏవీ అని అడిగాడు.

కల్లాలు దాటేటప్పుడు ఇద్దరూ ఇంజను వేడి చూపించే ముల్లు వంకే చూశారు. అది సగందాకా లేచి అక్కడే నిలబడింది.

"కోపం చల్లారిందా?" అన్నాడు బుల్లయ్య.

"లేదు. నువ్వు మళ్ళీ రానన్న రోజుకి దాచిపెట్టా."

ఆయన కిటికీలోంచి ఆరబోసిన మిరపకాయల వంక చూశాడు.

"శనివారం వంతుకి కాస్త ముందే బయల్దేరదాం," అన్నాడు.