పదకొండు నల్ల పట్టీలు

మా ఫుట్‌బాల్ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. పాతికేళ్ళు మానకుండా ఆట చూడ్డానికి వచ్చిన మనిషి పోతే, ఆ తర్వాత మా మైదానంలో జరిగే మొదటి ఆటకు మా ఆటగాళ్ళు పదకొండు మందీ ఎడమ చేతికి నల్ల పట్టీతో దిగుతారు. మైకులో పేరు చెప్పరు. చెప్పక్కర్లేదు. ఎవరి సీటు ఖాళీ అయిందో స్టాండుకంతటికీ తెలుసు. ఆ పట్టీలు కత్తిరించి జెర్సీలకు కుట్టేది నేను. స్టాండు మెట్ల కింద ఒక గది, అందులో నా మిషను, నంబర్ల డబ్బా, గోడకు దేవుడి పటం. ఈ ఇరవై రెండేళ్ళలో దణ్ణం పెట్టుకోకుండా మిషను తొక్కిన రోజు లేదు.

ఈసారి ఖాళీ అయింది మా బావ సీటు. అక్క భర్త. ఆయన్ని అందరూ ఈల బావ అనేవారు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడంటే వంతెన అవతలి జట్టు గోల్‌కీపరు కూడా ఉలిక్కిపడి తిరిగి చూసేవాడు. రంగుల ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని. బాయిలరు బాగాలేదని మూడుసార్లు పైకి చెప్పారు. నాలుగోసారి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అది పేలి ఎనిమిది మంది పోయారు.

అప్పటికి ఆ ఏడాది ఆటలన్నీ అయిపోయాయి. కొత్తవి మొదలయ్యేలోగా ఆ ఫ్యాక్టరీ యజమాని మా క్లబ్బును కొన్నాడు.

ఆ వార్త వచ్చిన రోజు టీకొట్టాయన, బావ పక్క సీటులో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి, గ్లాసులు కడుగుతూ అన్నాడు: "పోయినోళ్ళు ఎలాగూ రారు కదయ్యా. ఈయన డబ్బుతో మంచి ఫార్వర్డ్ అయినా వస్తాడు."

నేను చూసిన చూపుకి, "ఏం, లేని మాటన్నానా?" అన్నాడు.

లేని మాట కాదు. వంతెన అవతలి వాళ్ళ చేతిలో తొమ్మిదేళ్ళుగా ఓడుతున్నాం. ఫార్వర్డ్ రావాలని నాకూ ఉంది. అందుకే ఊరుకున్నాను.

కొత్త ఏడాది మొదటి ఆట వాళ్ళతోనే పడింది, మా మైదానంలోనే. అక్క అడిగింది: "ఒరే తమ్ముడూ, మీ బావకి పట్టీలు కడతారు కదరా?"

"కట్టక? పద్ధతి కదే!"

"ఇంకేమీ అక్కర్లేదురా నాకు. ఆ పిల్లలు ఆ గుడ్డముక్కతో బయటికి రావడం ఒక్కసారి చూస్తే చాలు."

ఆ రోజే గుడ్డ కొని కత్తిరించి సొరుగులో పెట్టాను. ఆటకు రెండు రోజుల ముందు, గురువారం, క్లబ్బు మేనేజరు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఈసారికి పట్టీలు వద్దండీ."

"పద్ధతి కదండీ."

"పద్ధతే, కాదనను. ఓనరుగారు వస్తున్నారు. ఆయన ఎదురుగా ఆ పట్టీలంటే ముఖం మీద గుద్దినట్టుండదూ?"

"మా బావ ఎవర్నీ గుద్దలేదండీ."

"మీరూ పిల్లలు గలవారే, నేనూ పిల్లలు గలవాణ్ణే. నీళ్ళలో ఉంటూ మొసలితో పగ పెట్టుకుంటామా?"

ఆ సాయంత్రం అక్కకు చెబుదామని వెళ్ళి, ఆవిడ బావ పాత మఫ్లరు ఉతికి ఆరేస్తుంటే చూసి, చెప్పకుండా వచ్చేశాను.

శుక్రవారం ఓనరుగారి తల్లి పోయింది. తొంభై ఒక్కేళ్ళు. నిద్రలోనే పోయిందట. మేనేజరు పరుగున వచ్చాడు. "పట్టీలు కుట్టేయండి! రేపటికి కావాలి!"

సొరుగు తెరిచాను. కత్తిరించినవి కత్తిరించినట్టే ఉన్నాయి. దేవుడే దారి చూపించాడనుకున్నాను. పేరు మైకులో చెప్పరు కదా! ఓనరు తన తల్లికనుకుంటాడు, స్టాండు మా బావకనుకుంటుంది. సూది నా చేతిలో ఉంది, నేను ఎవరిని తలుచుకుంటే వాళ్ళకే. ఒక్కో పట్టీ కుడుతూ బావను తలుచుకున్నాను. ఇంటికి వెళ్ళి, "కుట్టేశానే అక్కా" అన్నాను. ఆవిడ నా తల నిమిరింది.

మర్నాడు అక్క బావ సీటులో కూర్చుంది, మెడలో ఆ మఫ్లరుతో. పక్కన టీకొట్టాయన, ఇటు నేను. ఆటగాళ్ళు బయటికి వచ్చారు. ఎడమ చేతులకు నల్ల పట్టీలు. అక్క లేచి నిలబడి చేతులు జోడించింది. టీకొట్టాయన కూడా లేచి కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు మైకు మోగింది.

"మన ప్రియతమ యజమాని గారి మాతృమూర్తి ఆత్మశాంతికై అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాం."

అక్క జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. దించితే ఒక పెద్దావిడ చావును అవమానించినట్టు. దించకపోతే? ఆ ముసలావిడ ఏం పాపం చేసింది? తల్లి పోతే కొడుకు ఏడవడం తప్పా? అవేవీ తప్పు కాకపోతే అక్క పక్కనుంచి నేనెందుకు ఒక అడుగు వెనక్కి వేశాను?

నిమిషం సగం కాకముందే వంతెన అవతలి వాళ్ళు కూర్చున్న స్టాండు నుంచి కేక లేచింది. "ఎనిమిది మంది! ఎనిమిది మంది!"

అక్క ముఖం ఒక్కసారి వెలిగింది. "వాళ్ళు తలుచుకుంటున్నార్రా!"

అంతలో ఆ స్టాండంతా ఒక్క గొంతుతో "ఢాం!" అని అరిచి, ఒకరి మీద ఒకరు పడి పడి నవ్వింది. మళ్ళీ లెక్క, మళ్ళీ "ఢాం!"

టీకొట్టాయన కుర్చీ ఎక్కాడు. "మా ఓనరునంటార్రా! మీ ఓనరుకి బంతికి గాలి కొట్టించే దిక్కు లేదు!" మా స్టాండంతా అందుకుంది. ఎనిమిది మంది మాట మావాళ్ళెవరూ ఎత్తలేదు.

అక్క కూర్చుంది.

కొత్త ఫార్వర్డ్ నలభయ్యో నిమిషంలో గోలు కొట్టాడు. తొమ్మిదేళ్ళ ఆకలి. ఎప్పుడు లేచానో తెలియదు, రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాను. తిరిగి చూస్తే అక్క నన్నే చూస్తోంది.

రెండు-సున్నాతో గెలిచాం. దారంతా హారన్లు, జెండాలు. అక్క నాకంటే రెండడుగులు ముందు నడుస్తోంది.

"ఆ గుడ్డ ఎవరికని కత్తిరించావురా?"

"బావకే అక్కా."

"కుట్టింది?"

"బావకే అనుకుని..."

"అనుకుని," అంది ఆగకుండానే. "గోలు పడ్డప్పుడు లేచావు చూడు, అప్పుడెవర్ని అనుకున్నావు?"

ఇంటి మలుపు దగ్గర వెనక్కి తిరిగింది. "ఇంక రాకురా. లోపలికి ఒక్కదాన్నే వెళ్తాను."

సోమవారం జెర్సీలు ఉతికి నా గదికి పంపారు, పట్టీలు విప్పమని. పటం ముందు నిలబడ్డాను. ఏమని దణ్ణం పెట్టుకోవాలో తోచక వచ్చి కూర్చున్నాను. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపాను. పట్టీ తీసేసిన చోట గుడ్డ మీద సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. గోటితో రెండుసార్లు రుద్దితే పూడిపోతాయి. కొత్త ఓనరు మంచి గుడ్డ తెప్పించాడు. ఒక్కసారి రుద్దితేనే పోయాయి.