వెనక వైపు ఎర్ర దీపం

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఈమధ్య నా గొంతు పెద్దగా రావడం లేదు. నేను ఒక యాంప్లిఫయర్‌ని. మైకులో పాడినదాన్ని పెద్దది చేసి హారన్లకు పంపే రేకుపెట్టెను. నా ముఖం మీద వరసగా బొక్కలు చూశావా? ఒకప్పుడు అక్కడ దీపాలుండేవి.

తెనాలిలో ఓ సందులో మస్తాన్ అనే అతను నన్ను తయారుచేశాడు. ఇంకా బిగించకముందే నా బేరం జరిగింది. మైకుసెట్లు అద్దెకిచ్చే వీరాస్వామి వచ్చి కూర్చున్నాడు.

"పాట పెరిగేకొద్దీ దీపాలు పైకెగబాకాల. ఎకో ఉండాల. రేటు మాత్రం పోయినసారిదే."

"ఆ రేటుకి అవన్నీ పెడితే ట్రాన్స్‌ఫార్మరు చిన్నది వెయ్యాలి బాబాయ్. ఎక్కువసేపు లాగలేదు."

"జనం ట్రాన్స్‌ఫార్మరు చూట్టానికొస్తారంట్రా?"

మస్తాన్ చిన్నదే వేసి, నన్ను బిగించి మీటరు పెట్టి చూశాడు. కాసేపటి వరకు ముల్లు బాగానే లేచింది. ఆ కాసేపటి బలాన్నే ఇన్ని వాట్లని నా ముఖం మీద రాశాడు. అది అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. పెళ్ళిచూపుల్లో చెప్పే వయసులాంటిది.

పెళ్ళిళ్ళలో నా దీపాలు చూసి పిల్లలు గంతులేసేవారు. ఆ తర్వాత వీరాస్వామి నన్ను పద్యనాటకాల పోటీకి తీసుకెళ్ళాడు. అక్కడ రాణి వేషం సీతారత్నానిది. ఏళ్ళ తరబడి ఆమెదే. ఈసారి గొంతు జారితే వేషం కుర్రపిల్లకిచ్చేస్తానని నాటక సమాజం పెద్ద ముందే చెప్పేశాడు. తన పెట్టె ఎలా పలుకుతుందో వినాలని మస్తాన్ కూడా వచ్చాడు.

ఆమె పద్యం ఎత్తుకుని, చివర రాగం సాగదీసింది. పెళ్ళిపాటల్లో మధ్యమధ్య నాకు ఊపిరి తీసుకునే వీలుండేది. ఆ రాగం పైస్థాయిలో అలాగే నిలబడిపోయింది. నా బలం అయిపోయింది. ఆమె గొంతు నాలోంచి గుడ్డ చిరిగినట్టు బయటికొచ్చింది. దీపాలు మాత్రం పైదాకా వెలుగుతూనే ఉన్నాయి.

"పెద్దదైపోయింది పాపం. ఇంక మానుకుంటే మర్యాద," అన్నారు ముందు వరసలో ఎవరో. కొందరు లేచి వెళ్ళిపోయారు.

ఆమె విన్నది. ఆపేసింది. మస్తాన్ గబగబా వేదిక ఎక్కి నా తీగ పీకేశాడు.

"అమ్మా, బొంగురుపోయింది మీ గొంతు కాదు, నా పెట్టె. మైకు లేకుండా అందుకోండి."

"నా సెట్టు పరువు తీస్తన్నావు గదరా," అన్నాడు వీరాస్వామి.

ఆమె మళ్ళీ అందుకుంది. చివరి కుర్చీల దాకా వినపడలేదు, ఉన్నమాటే చెబుతున్నాను. వినపడినంత మేర ఎక్కడా చిరగలేదు. ముందు వరస "వన్స్ మోర్" అంది. వేషం ఆమెకే నిలిచింది.

వీరాస్వామి నన్ను మస్తాన్ ముందు పడేసి పోయాడు. మస్తాన్ దీపాలూ ఎకో పీకేసి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వేశాడు. ధర పెరగకూడదని రంగు కూడా వేయలేదు. పెళ్ళివాళ్ళెవరూ నా వంక చూడలేదు గానీ నాటక సమాజం కొనుక్కుంది. వేదిక అంచున నా ముఖం జనం వైపు, వీపు పాడేవాళ్ళ వైపు ఉంటుంది కదా. ఒక్క ఎర్ర దీపాన్ని ఆ వీపు మీద పెట్టాడు. నా బలం అయిపోవస్తుంటేనే వెలుగుతుంది. అది చూసి సీతారత్నం నా మీద బరువు తగ్గేలా మైకుకు ఓ అడుగు వెనక్కి జరిగేది. నన్నూ తనలాంటి ముసలిదాన్ని చూసినట్టే చూసుకునేది.

ఆవిడ ఇప్పుడు లేదు. ఆ రోజు మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ ఆమె గొంతే పోయిందనుకుంటున్నారు. ఇది గుర్తుపెట్టుకో తల్లీ. వాళ్ళలో ఎవరైనా కనపడితే, ఆ రోజు పోయింది నా బలమేనని నేను చెప్పానని చెప్పు.