చవక లాయరు

హాడక్ చేప మెడ కింద కత్తి దించి, వెన్నెముక వెంట తోక దాకా ఒక్క లాగు లాగింది అవ్రిల్. చేప రెండు బద్దలైంది. ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో శుక్రవారం పొద్దుటంటే ఊపిరాడని పని. ఊరంతా ఆ పూట చేపే తింటుంది. అందుకే ఇల్లు మారే రోజు కూడా సగం పూటకి వచ్చింది. మంచునీళ్లలో వేళ్లు ఎర్రగా ఉబ్బాయి. మణికట్టు మీద నీలం మచ్చ రబ్బరు తొడుగు అంచు దాటి కనబడుతోంది.

"మళ్లీనా?" అంది పక్క బల్ల దగ్గర పాలీన్.

"తలుపు తగిలిందిలే."

"మీ ఇంట్లో తలుపులకి చేతులుంటాయే తల్లీ!"

అవ్రిల్ నవ్వింది. ఇవాళ నవ్వొచ్చు. మధ్యాహ్నానికి ఇల్లు అమ్ముడైన డబ్బు చేతులు మారితే చాలు, పక్కూరు క్లీథార్ప్స్‌లో ఒంటిగది ఫ్లాటు ఆమెది. మొగుడు డెస్ వాళ్లన్న దగ్గరికి పోతాడు. కాపురంలో ఆ మహానుభావుడు విరిచినవి పక్కటెముకలు, రెండు పళ్లు, ఓ టీ కూజా. కూజాకే ఏడ్చింది పిచ్చిది. అది వాళ్లమ్మది.

అమ్మకానికి డెస్ ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు: లాయరు ఖర్చంతా ఆమె వాటాలోంచే. అవ్రిల్ టీ విరామాల్లో లాయర్లందరికీ ఫోన్లు చేసి ఫీజులు పోల్చి చూసింది. ఊళ్లోని ముసలి హాక్స్‌బీ పన్నెండు వందల పౌండ్లన్నాడు. "పని నేనే చూస్తానమ్మా, ఎప్పుడైనా మెట్లెక్కొచ్చి అడుగు" అన్నాడు. ఎక్కడో ఉండి ఫోన్ల మీదే పని నడిపే లాయర్ల కంపెనీ ఐదు వందలే అంది. మిగిలే డబ్బుతో మంచం, పొయ్యి వస్తాయని మురిసిపోయి అక్కడే ఒప్పుకుంది. తర్వాత మొదలైంది అసలు బేరం. డబ్బు పంపడానికి వేరే ఫీజు, గుర్తింపు కాగితాలు చూడ్డానికి వేరే, ఫ్లాటు కాబట్టి ఇంకోటి. కూడితే హాక్స్‌బీ లెక్కకే వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. వేసవిలో తేలాల్సింది చలికాలానికి వచ్చింది. ఆలస్యమైన ప్రతి వారానికీ డెస్ తన ఫీజు పిడికిలితో వసూలు చేసుకున్నాడు.

మధ్యాహ్నం సామాను వ్యాను ఇళ్ల ఏజెంటు కొట్టు ముందు ఆగింది. కౌంటరు వెనక కొక్కేనికి ఫ్లాటు తాళంచెవి, దానికి ఆమె పేరు రాసిన చీటీ. ఏజెంటు లోరైన్ టీ ఇచ్చింది. "డబ్బు ముట్టిందని ఫోన్ రానీ తల్లీ, మరుక్షణం నీ చేతిలో పెడతా."

ఫోన్ రాలేదు. మూడు దాటాక అవ్రిలే లాయర్ల కంపెనీకి చేసింది.

"సారీ అండీ, మీరు సంతకం పెట్టిన దస్తావేజు కొనేవాళ్ల లాయరుకి మేం పంపలేదు. మీ ఫైలు చూసే అమ్మాయి సెలవు. అది లేనిదే వాళ్లు డబ్బు వదలరు. బ్యాంకు వేళ కూడా దాటింది. సోమవారం పొద్దున్నే..."

"సోమవారం దాకా నేనెక్కడుండను?"

"అది మా పనిలోకి రాదండీ."

అవ్రిల్ లోరైన్ చెయ్యి పట్టుకుంది. "ఆ తాళం ఇటివ్వవే. వట్టి నేల మీదే పడుకుంటా. పెళ్లినాటి నుంచీ ఎవర్నీ ఏమీ అడగలేదు."

"నా ఉద్యోగం పోతుందమ్మా." లోరైన్ కళ్లు దించుకుంది.

పాలీన్ ఫోన్లో అరిచింది, "మా ఇంటికొచ్చెయ్, మొండిదానా!"

"వ్యాను వాడు సామాను మళ్లీ పాత ఇంట్లోనే దించుతానంటున్నాడు. డెస్ చేతికొదిలితే సోమవారానికి కట్టెపుల్లలే మిగులుతాయి. మూడు రాత్రులేగా."

చీకటి పడగానే డెస్ పబ్బు నుంచి వచ్చాడు. గుమ్మంలో పెట్టెలు చూశాడు.

"ఏమే, చవక బేరాల మహారాణీ! సింహాసనం దొరకలేదా?"

కాలితో ఒక పెట్టె తన్నాడు. లోపల గాజు పగిలింది. చెంప మీద కొట్టాడు, పడితే కడుపులో తన్నాడు, జుట్టు పట్టి లేపాడు. అవ్రిల్ చెయ్యి పని సంచిలోకి పోయింది. గుడ్డ చుట్టిన చేపల కత్తి తగిలింది. ఎక్కడ దించితే ఎంతవరకు తెగుతుందో ఆ చేతికి తెలుసు. పిడి గట్టిగా పట్టుకుంది. కానీ వాడు పోతే తను జైలుకి, ఇక సోమవారమే ఉండదు. వదిలేసింది.

"సోమవారం దాకా ఆగు డెస్" అంది.

విసిరికొట్టాడు. తల ఇనప పొయ్యి అంచుకి తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు.

"నాటకాలాపి లే" అని, టీకి నీళ్లు పెట్టుకుని, టీవీ ముందు కూర్చున్నాడు దుర్మార్గుడు. టీ తాగడం అయ్యాక ఇంకోసారి పిలిచాడు. తెల్లారేసరికి పోలీసులు వాణ్ని తీసుకెళ్లారు, ఆమెని మొహం మీద దాకా దుప్పటి కప్పి తీసుకెళ్లారు.

సోమవారం పొద్దున్నే ఏజెంటు కొట్టుకి ఫోన్ వచ్చింది. డబ్బు ముట్టింది, తాళంచెవి ఇచ్చెయ్యొచ్చట. ఫోన్ల లాయర్లకీ కబురు తెలియదు, లోరైన్‌కీ తెలియదు. శుక్రవారం ఇవ్వలేకపోయానన్న బాధతో లోరైన్ తాళంచెవిని కొక్కెం మీంచి తీసి, అవ్రిల్ రాగానే చేతికందేలా కౌంటరు అంచున పెట్టింది. కొట్టు కట్టేసే వేళకి కూడా అది అక్కడే ఉంది, చీటీ మీద పేరు పైకి కనబడేలా.