గేటుకు గడి లేని కాగితం

సర్వే అధికారి వెంట వచ్చిన మనిషి ఆకుపచ్చ రంగులో కుంచె ముంచి మేస్త్రమ్మ ఇంటి గోడ మీద పెద్ద సున్నా చుట్టాడు. పైకప్పు రేకులు వంకర్లు తిరిగి నేలమీద పడున్నాయి. తలుపు బొగ్గయింది. గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి.

"పచ్చ సున్నా అంటే ఏంటండీ?" అని అడిగిందామె.

"నివాసయోగ్యం," అన్నాడు అధికారి తల ఎత్తకుండా.

"గోడలు కప్పుకుని పడుకోమంటారా?"

వెనక జనంలో ఎవరో నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. మంటలు ఆరి తొమ్మిది రోజులైనా ఆ కాలనీలో ఎవరి గుండెల్లోంచీ పొగ పోలేదు.

అడవి అంచున అరవై కూలి ఇళ్ళు. సగానికి పైగా మేస్త్రమ్మ చేతుల మీదుగా లేచినవే. బయటికి ఉన్నది ఒకటే దారి. తన కలప దొంగతనంగా తరలిపోతుందని అడవి కాంట్రాక్టరు ఆ దారికి ఇనప గేటు పెట్టించాడు. మిట్టమధ్యాహ్నం అడవి అంటుకుని గాలి ఇటు తిరిగినప్పుడు గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి కాంట్రాక్టరు బంగళాలో ఉంది. నలుగురు గేటు దగ్గరే కాలిపోయారు. వాళ్ళలో ఒకతె మేస్త్రమ్మ తోడికోడలు. మిగిలినవాళ్ళు కాలవ బురదలో బోర్లా పడుకుని బతికారు.

ఇప్పుడు గేటు తెరిచే ఉంది. దానికి అడ్డంగా రిబ్బను కట్టి పోలీసులు నిలబడ్డారు. సర్వే ముగిసేదాకా ఎవరు బయట అడుగుపెట్టినా ఇల్లు వదిలేసినట్టేనట, సాయం జాబితాలోంచి పేరు కొట్టేస్తారట. పనికి పోవడానికి లేదు, ఆసుపత్రికి పోవడానికి లేదు.

అధికారి ఆమెను పక్కకు పిలిచాడు. "ఇళ్ళు కట్టింది నువ్వే కదమ్మా. గోడలు గట్టిగా ఉన్నాయని సాక్షి సంతకం పెట్టు. కప్పులు వేసే పని నీకే ఇప్పిస్తానన్నాడు కాంట్రాక్టరు."

ఆమె కాగితం తీసుకుని నిదానంగా చదివింది. నష్టానికి కారణం అన్నచోట ముందే అచ్చేసి ఉంది: నివాసులు ఇళ్ళ చుట్టూ ఎండుగడ్డి తొలగించకపోవడం.

"గేటు సంగతి ఎక్కడ రాశారు?"

"దానికి గడి లేదమ్మా."

"నలుగురు పోయారండీ."

"గడి లేదని చెప్తున్నా కదా. రేపు పొద్దున వస్తాను. సంతకం లేకపోతే కాలనీ మొత్తాన్ని అక్రమ కట్టడం కింద రాసుకుపోతాను."

మధ్యాహ్నం కప్పులేని బడిలో అందరూ కూర్చున్నారు.

"పెట్టెయ్యవే," అంది అత్త. "చిన్న కోడలు ఎలాగూ పోయింది. ఉన్న గోడలు కూడా పోగొట్టకు."

"అవి గోడలు కావత్తా. సిమెంటు కాలి గులాబి రంగుకి తిరిగింది. గోటితో గీకితే రాలుతోంది. మొదటి వానకే పిల్లల మీద పడతాయి."

"బయటికెళ్తే పేరు పోతుంది, లోపలుంటే ప్రాణం పోతుంది," అన్నాడు ట్రాక్టరు డ్రైవరు. "సంతకం పెడితే ఆ నలుగుర్నీ మనమే చంపుకున్నామని ఒప్పుకున్నట్టు. ఇంకేం మిగిలింది?"

బడి ఊడ్చే ముసలామె గొంతు సవరించుకుంది.

"వాళ్ళ కాగితంలో గడి లేకపోతే, మనం గీసుకోలేమా?"

"మన కాగితం ఎవడు చూస్తాడే?" అంది అత్త.

"అరవై ఇళ్ళూ సంతకం పెడితే చూడక చస్తాడా?"

పొద్దు గుంకేలోపు ఇరవై ఇళ్ళయ్యాయి. మేస్త్రమ్మ సుత్తితో గోడలు తట్టి చెప్తుంటే, చదువొచ్చినవాళ్ళు నోటుపుస్తకాల్లో రాశారు. ఏ గోడ బోలు, ఏ దూలం కాలింది, ఇంట్లోవాళ్ళు గేటు దగ్గరికి ఎప్పుడు చేరారు, అప్పుడు గేటు ఎలా ఉంది. ఆఖరి ప్రశ్నకి ఎవరూ ఆలోచించుకోలేదు.

"తాళం వేసి ఉంది."

మర్నాడు అధికారి కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. జనం ఎదురుగా నిలబడ్డారు.

"సంతకం?" అన్నాడు అధికారి.

"ముందు ఈ గోడ చూడండి," అని మేస్త్రమ్మ పచ్చ సున్నా మీద సుత్తితో మెల్లిగా తట్టింది. సున్నాతో సహా పెచ్చు ఊడి కిందపడింది. వెనక ఇటుకల సందుల్లోంచి సిమెంటు పిండిలా రాలింది.

కాంట్రాక్టరు అధికారి చెవిలో ఏదో అన్నాడు. ప్రభుత్వ గుర్తును ధ్వంసం చేసిందని చెప్పి పోలీసులు ఆమెను జీపెక్కించారు. అధికారి ముందు సీట్లో కూర్చున్నాడు. అత్త ఏడుస్తుందనుకుంది మేస్త్రమ్మ. అత్త మాత్రం పుస్తకం పట్టుకున్నవాళ్ళ వైపు తిరిగింది.

"నిలబడ్డారేం? తర్వాతిల్లు ఎవరిది?"

జీపు గేటు దాకా వచ్చి ఆగింది. రిబ్బనుకు అవతల రోడ్డు నిండా మనుషులు. అదే మంటల్లో ఇళ్ళు కాలి, మూడు రోజుల కిందట ఇలాంటి కాగితాల మీదే సంతకాలు పెట్టిన దిగువ కాలనీ వాళ్ళు.

"చదవకుండా పెట్టాం. తప్పు మాదేనని అందులో రాసుందని నిన్ననే తెలిసింది," అన్నాడు ముందున్న ముసలాయన. "మా కాగితాలు మాకు తిరిగివ్వండి."

"లోపలికి ఎవరూ రాకూడదు," అన్నాడు పోలీసు.

వెనక నుంచి మేస్త్రమ్మ కాలనీ జనం కూడా వచ్చేశారు. రిబ్బను ఎవరు తెంచారో ఎవరూ చూడలేదు. జీపుకి అటూ ఇటూ మనుషులు ఒకరి పక్కన ఒకరు రోడ్డు మీద కూర్చున్నారు.

ఇంజను ఆపేయమని అధికారి జీపు డ్రైవరుకి చెప్పాడు.