కాకి వెంట చూపు

"కాకుల్ని చూడమంటే పడవలోళ్ళని చూస్తా ఉండావేందే? నీ కళ్ళు ఒకచోట నిలవవా?"

విడవలూరు అవతల సముద్రపు ఒడ్డున, చేపలు ఎండేసిన ఇసుక మీద, పదిమంది ఆడవాళ్ళ ముందు పేరమ్మ తన తమ్ముడి భార్య అంకాలమ్మను అన్న మాట అది. కాకి రెండు వంజరం ముక్కలు ఎత్తుకుపోయిన కోపంలో అన్నది. ఎండుచేపల బేరంలో పేరమ్మ నోటికి తిరుగులేదు. ఏ మాట ఎక్కడ చెల్లుతుందో ఆమెకు బాగా తెలుసు. ఈ మాట మాత్రం అనుకున్నదానికంటే దూరం చెల్లింది. తమ్ముడు గంగులయ్య దాన్ని పట్టుకున్నాడు. అంకాలమ్మ తనలో తను మాట్లాడుకున్నా, ఎవరో పిలుస్తున్నారని ఉలిక్కిపడినా, అన్నం మానేసినా, 'దాని చూపే మంచిది కాదు' అన్నాడు. అయిదేళ్ళుగా కూలి లేకుండా పేరమ్మ బేరానికి చేపలు కోసి, ఉప్పు పట్టించిన అంకాలమ్మ చేతుల్ని మాత్రం ఎవరూ చూడలేదు. పేరమ్మ కూడా.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ పరంజ్యోతి, పేరమ్మ వెంట వచ్చిన అంకాలమ్మ ముఖం ముందు కలాన్ని అటూ ఇటూ మెల్లగా జరిపింది. కలం తడబడకుండా సాగింది. కళ్ళు మాత్రం ఆగి, ఆగి గెంతాయి. ఆ రోజు కాకి వెంట గెంతినట్టే.

"లేని గొంతులు వినబడే ఈ మనోవ్యాధి ఉన్న కొందరి కళ్ళు ఇలా గెంతుతాయని యాభై ఏళ్ళ కిందటే రాశారమ్మా. జబ్బుకు గుర్తు కావచ్చేమో, ఇదొక్కటే చూసి తేల్చలేం. ఆమె కావాలని చేసేది మాత్రం కాదు. మందిస్తాను, వేళకు మింగించే మనిషి ఉండాలి."

తిరుగు బస్సులో అంకాలమ్మ మెల్లగా అంది. "ఆ దినం నేను కాకినే చూసినా వదినా."

పేరమ్మ మందుల చీటీని మడిచి కొంగున ముడేసుకుంది.

మర్నాడు కులపెద్దలు కూర్చున్నారు. భార్యను వదిలేస్తానన్నాడు గంగులయ్య. "ఇది పడవలోళ్ళని చూస్తా ఉంటే మా అక్కే కళ్ళారా చూసింది. చెప్పక్కా."

"చెప్పు పేరమ్మా," అన్నాడు పెద్దాయన చిన్నపోలయ్య.

జబ్బని చెప్పి తప్పుకోవచ్చు. తప్పంతా ఆ కళ్ళ మీదికే పోతుంది, తన మాట పోదు. ఆ దారి పేరమ్మకు కనబడింది. కనబడినందుకే ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

"దానికి మందు నేను మింగిస్తా. నా ఇంట్లో ఉంటది, దాని కూలి దానికిస్తా," అంది ఇసుకను చూస్తూ. "నేను ఆ మాటన్న దినం గంగమ్మ కొలుపు. మొగోళ్ళంతా గుడికాడే ఉండిరి. సముద్రంలో ఒక్క పడవ గూడా లేదు. అబద్ధమని నాకు తెలిసే ఆ మాట అన్నా."