అంచు మీద చిల్లులు

శరణ్యకు ఆ వారమంతా కాలు నేల మీద నిలవలేదు. నిలుస్తుందా మరి! రోజూ రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చి బీఎస్సీ రెండో ఏడు చదువుకునే పిల్ల. హాజరు పిలిస్తే తప్ప తరగతిలో ఎవరికీ గుర్తుండని పిల్ల. అలాంటిది నెట్లో నలుగురూ కబుర్లాడుకునే ఆర్కుట్‌లో పెట్టిన ఒక్క ఫొటోకు నాలుగు రోజుల్లో రెండు వందల పన్నెండు జవాబులు వచ్చాయి. 2008లో అది చిన్న సంగతి కాదు. మోరిస్‌పేట నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని వాటన్నిటినీ రెండేసిసార్లు చదువుకుంది.

ఫొటోలో ఉన్నది వాళ్లమ్మ కొత్త చీర అంచు. బాపట్ల నుంచి నెలకోసారి మూట పట్టుకుని వచ్చే బసవలింగం దగ్గర కొన్న నేతచీర. మడత విప్పి వెలుతురుకు పట్టేసరికి రెండు అంచుల వెంటా సూదిమొనంత చిల్లులు కనిపించాయి. అమ్మ ఉసూరుమంది. శరణ్యకు ఒళ్లు మండింది. బాబాయి డిజిటల్ కెమెరాతో ఫొటో తీసి, తెనాలి కాలేజీల వాళ్లంతా చేరే కమ్యూనిటీలో పెట్టి, 'బాపట్ల బసవలింగం పురుగు కొట్టిన చీరలు అంటగడుతున్నాడు, మోసపోకండి' అని రాసింది. అదీ తన పేరుతో కాదు, 'రేపల్లె మెరుపు' అనే పేరుతో. నలుగురినీ కాపాడాననే అనుకుంది పాపం.

ఐదో రోజు అనంతలక్ష్మి మేడమ్ ఆ పేజీ అచ్చు తీసుకుని తరగతికి వచ్చారు. కంప్యూటర్ పాఠం ఆవిడది. పుస్తకంలో ఉన్నది అరగంటలో ముగించి, మిగతా అరగంట పుస్తకంలో లేనిది నేర్పే మనిషి. గొంతు పెంచడం ఎవరూ ఎరగరు, అయినా వెనక బెంచీ కూడా నోరు మెదపదు. అలాంటి మేడమ్ దొరకడం ఆ పిల్లల అదృష్టమనే చెప్పాలి.

"ఇది చూసినవాళ్లు చేతులెత్తండి" అన్నారు. అందరూ ఎత్తారు.

"నలుగురికీ చెప్పినవాళ్లు?" సగానికి పైగా లేచాయి.

"ఆ చీర చేత్తో పట్టుకుని చూసినవాళ్లు?" ఒక్క చెయ్యీ లేవలేదు. శరణ్య చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

"పోనీ, ఇదేంటండీ అని ఆ బసవలింగం గారినే అడిగినవాళ్లు?"

ఈసారీ చేతులన్నీ కిందే ఉన్నాయి.

"కాలేజీ వార్షికోత్సవంలో పాట పాడేవాళ్ల కోసం ముప్పై చీరలు ఆయనకు చెప్పాం. నిన్న ప్రిన్సిపాల్ గారు వద్దనేశారు. మీ మాట విని. సరే, ఇప్పుడన్నా చూద్దాం. పురుగు కొడితే చిల్లులెక్కడ పడతాయి?"

"ఎక్కడపడితే అక్కడేనండి" అందొక అమ్మాయి.

"మరి ఇందులో?"

కాగితం బెంచీ బెంచీకీ తిరిగింది. "అంచు మీదే ఉన్నాయండి. ఒకే వరసలో. మధ్యలో ఒక్కటీ లేదు."

"పురుగు స్కేలు పెట్టుకుని తింటుందా?" అన్నారు మేడమ్. అందరూ నవ్వారు. "మరి ఇవేంటి?"

"తెలియదండి."

"ఆ మాట నాలుగు రోజుల కిందట అని ఉంటే ఎంత బాగుండేది! తెలియనప్పుడు తెలిసినవాళ్లను అడగాలి."

మూడో బెంచీలో చౌడేశ్వరి లేచింది. ఆ ఏడే వేరే కాలేజీ నుంచి వచ్చి చేరిన బాపట్ల పిల్ల. "నేను చెప్తానండి. బసవలింగం గారు మా నాన్న" అంది.

శరణ్య చటుక్కున ఆమె వైపు తిరిగింది.

"నేసేటప్పుడు బట్ట ముడుచుకుపోకుండా అడ్డంగా ఓ కర్ర బిగిస్తామండి. దాని రెండు చివర్లా సూదులుంటాయి, అవి అంచుకు గుచ్చుకుంటాయి. కాస్త నేశాక కర్ర ముందుకు జరుపుతాం. జరిపినప్పుడల్లా చిల్లులు పడతాయి. మగ్గం మీద చేత్తో నేసిన గుర్తే అదండి. ఒకప్పుడు నాన్న ఆ చిల్లులు చూపించే అమ్మేవారు. అందరికీ తెలుసులే అని మానేశారు." "నాలుగు రోజుల్నుంచీ మూట విప్పట్లేదండి" అని మాత్రం చివర్లో అంది.

"ఎవరు రాశారో నేనడగను" అన్నారు మేడమ్.

అడగకపోవడమే శరణ్యను లేపి నిలబెట్టింది. అరవై మంది ముందు ఆ మాట ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! "నేనేనండి. ఇప్పుడే వెళ్లి తీసేస్తాను."

"తీసేస్తే, చదివినవాళ్ల బుర్రల్లోంచి కూడా పోతుందా అమ్మా?"

ఆదివారం శరణ్య చౌడేశ్వరితో కలిసి బాపట్ల వెళ్లింది. బసవలింగం ఆమెను పల్లెత్తు మాట అనలేదు. మగ్గం దగ్గర చోటిచ్చి, కర్ర ఎలా బిగిస్తారో చూపించి, "చిల్లు ఉన్న మాట నిజమే కదమ్మా. నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

కర్ర ఫొటో, అంచు ఫొటో, తన సొంత ఫొటో, సొంత పేరు పెట్టి, అదే కమ్యూనిటీలో తన తప్పంతా రాసింది. పది రోజులకు పంతొమ్మిది జవాబులు వచ్చాయి. అబద్ధానికి రెండు వందల పన్నెండు, నిజానికి పంతొమ్మిది! శరణ్యకు ఏడుపొచ్చింది. తర్వాత పంతమొచ్చింది. ఆ రెండు వందల పన్నెండు పేర్లూ నోటుబుక్కులో ఎక్కించుకుని, అమ్మ నేతచీర ఒకటీ, మిల్లుచీర ఒకటీ సంచిలో పెట్టుకుని బయల్దేరింది. చౌడేశ్వరి తోడు వచ్చింది. కాలేజీ కాలేజీకీ తిరిగారు. నమ్మమని ఎవరినీ బతిమాలలేదు. రెండు అంచులూ పక్కపక్కన పరిచి, మీరే చూడండి అన్నారు. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, ముప్పై చీరలూ మళ్లీ చెప్పారు. అయినా శరణ్య ఆగలేదు, పేర్లింకా మిగిలే ఉన్నాయి మరి.

ఒక సాయంత్రం ఆమె ఒక్కతే రేపల్లె పాసింజరులో ఇంటికి వెళ్తోంది. వేమూరులో ఎక్కిన ఒకావిడ ఎదురుగా కూర్చుని, సంచిలోంచి కనిపిస్తున్న చీర అంచు పట్టుకుని చూసింది.

"నేతచీరే. ఇవిగో, చిల్లులు చూడమ్మాయ్. తెలియనివాళ్లు పురుగనుకుంటారు."

శరణ్య ముందుకు వంగింది. "మీకెవరు చెప్పారండి?"

"మా అమ్మాయి. చెప్పగానే నమ్మేస్తానేంటి? బాపట్ల వెళ్లి మగ్గం పక్కన నిలబడి చూసొచ్చాను. ఆయన ఇప్పుడు మూట విప్పగానే ముందు చిల్లులే చూపిస్తున్నాడు. పాపం, ఆయన మీద ఎవరో పిల్ల లేనిపోనిది రాసిందట."

"ఆ పిల్లను నేనేనండి."

ఆవిడ శరణ్యను ఎగాదిగా చూసింది. "ఇప్పుడు చీరలు పట్టుకుని ఊరూరా తిరుగుతోందట. అదీ నువ్వేనా?"

"నేనేనండి."

ఆవిడ కిటికీ వైపు జరిగి పక్కన చోటు చేసింది. "ఇలా వచ్చి కూర్చో. ఆ రెండు చీరలూ బయటికి తియ్యి, చుట్టూ ఉన్న వీళ్లు కూడా చూస్తారు."