పై గది బ్యాండు

మాది ప్రోగ్రెసివ్ మెటల్ బ్యాండు. అదేమిటని మీరు అడక్కపోయినా చెప్తాను. మామూలు పాట నాలుగేసి దెబ్బల లెక్కన బుద్ధిగా నడుస్తుంది. మాది ఏడుతో మొదలై, పదకొండుకి పోయి, మళ్ళీ ఏడుకొస్తుంది. వినేవాడు హుషారుగా తల ఊపబోయి, మెడ పట్టేసినట్టు ఆగిపోతాడు. గిటార్లు ఉరుముతుంటాయి, ఉన్నట్టుండి కీబోర్డు జోల పాడుతుంది, అంతలో నేను గర్జిస్తాను. పగలు మందుల షాపులో "భోజనం తర్వాత వేసుకోండి" అని మెల్లగా చెప్పేదీ నేనే.

మొదట్లో అందరిలాగే వేరేవాళ్ళ పాటలు వాయించేవాళ్ళం. లెక్కల మేష్టారు కీబోర్డు పట్టుకుని మాలో చేరాక పాటలకి తోకలు మొలిచాయి. గిటారువాడిని మెరుపు అంటాం, ఏనాడూ వేళకి రాడు కనక. డ్రమ్ములు మా బావవి. వెల్డింగు పని ముగించుకొచ్చి, కాళ్ళు కడుక్కుని, వాళ్ళింటి పై గదిలో కూర్చునేవాడు. కింద మా అక్క బట్టలు కుట్టేది. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి.

చివరికి అక్క ఓపిక నశించింది.

"పని పెరిగింది, కింద చోటు చాలట్లేదు. పై గది నాకు కావాలి. ఈసారి కచేరీలో జనం ఆఖరిదాకా కూర్చుంటే సరే. లేచిపోయారో, డ్రమ్ములు దించేయాల్సిందే" అంది.

బావ తలూపాడు. అక్క మాటంటే మాటే. ఆ గది పోతే బ్యాండు పోయినట్టే. మా చప్పుడు భరించే ఇల్లు ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? నాకు నిద్ర పట్టడం మానేసింది.

హాలువాళ్ళు మాకిచ్చింది పావుగంట. మా పాటల్లో అన్నిటికన్నా పొట్టిది ఇరవై నిమిషాలు. ఎవరి ముక్క కోయాలి? వారమంతా పోట్లాడుకున్నాం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఒక్కొక్కడూ భీష్మించుకున్నాడు. "నా పదకొండు తీసేస్తే పాటలో ఏం మిగుల్తుందయ్యా?" అన్నారు మేష్టారు. ఏదీ తేలకుండానే స్టేజీ ఎక్కేశాం.

మొదలు అదిరింది. మెరుపు ఒంటరిగా వాయించాల్సిన చోటు వచ్చింది. వాడు వాయించలేదు. పెద్ద త్యాగమూర్తిలా మేష్టారి వైపు చెయ్యి చాపాడు. మేష్టారు కీబోర్డు మీంచి చేతులు తీసి బావని చూపించారు. బావ కర్రలు ఒళ్ళో పెట్టుకుని నన్ను చూశాడు. నేనేమో నా ముక్క, అంటే గర్జన ఆపి సన్నటి గొంతుతో పాడే చోటు, వదిలేద్దామని అప్పటికే గుండె రాయి చేసుకుని వచ్చాను. ఇక చేసేదేముంది, తిన్నగా చివరి గర్జన గర్జించేశాను. పాట అయిపోయింది.

నలుగురం ఒకరికి తెలియకుండా ఒకరం ఎవరి ముక్క వాళ్ళం కోసుకున్నాం! ఇరవై నిమిషాల పాట ఆరు నిమిషాలకే చాప చుట్టేసింది. హాలు నోరు వెళ్ళబెట్టింది. వెనక వరసలో ఒకాయన సంచీ భుజాన వేసుకుని లేచాడు. ఇక పై గది పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు ముందు వరసలోంచి అక్క లేచి నిలబడింది.

"ఏమండీ! మీ డ్రమ్ముల ముక్క ఏదీ?"

"టైము చాలదని..." అన్నాడు బావ.

"చాలకపోవడమేంటి, ఇంకా బోలెడుంది! పన్నెండేళ్ళు కింద మిషను తొక్కుతూ విన్నాను. అది రాకుండా పాట అయిపోయిందంటే ఊరుకుంటానా? మేష్టారి మెలిక ఏదీ? మా తమ్ముడి సన్నపాట ఏదీ?"

"మరి పై గది...?"

"గది ఎక్కడికీ పోదు. ముందు వాయించండి!"

హాలంతా గొల్లున నవ్వింది. సంచీ ఆయన మళ్ళీ కూర్చున్నాడు. బావ కర్రలెత్తాడు. ఆ తర్వాత మేం ఏం వాయించామో నాకు సరిగ్గా తెలీదు, అంత సంతోషం. కోసేసిన ముక్కలన్నీ వరసగా వాయించాం, పావుగంట దాటినా హాలువాళ్ళు ఆపలేదు. సన్నపాట దగ్గర నా గొంతు పూడుకుపోతే మెరుపు అందుకున్నాడు.

జనం కూడా చప్పట్లతో తాళం వేయబోయారు, పాపం, అన్నీ తప్పు చోటే పడ్డాయి. అక్క మాత్రం లెక్క పెట్టుకోకుండా, మాతో కబుర్లాడుతున్నంత తేలిగ్గా, ప్రతిసారీ సరిగ్గా ఏడో దెబ్బ మీదే కొట్టింది. బావ ఆవిణ్ణే చూస్తూ, ఏడుస్తూ నవ్వుతూ, ఇంకా గట్టిగా వాయించాడు.